పిల్లల హోమ్‌కి వెళ్తున్నారా? ముందు అక్కడి పెద్దవాళ్ళ గురించి అడగండి

(పర్లాకిమిడిలోని ఒక తెలుగు సంఘం యువజన కూటంలో, రిటైరైన నర్సు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం ఇది. మాట తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ వందనాలు. అయ్యగారికి, అమ్మగారికి, కమిటీ పెద్దలకి వందనాలు. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, మైకులో హోరు వస్తోంది. ఆఁ, చాలు.

కెన్యాలో పిల్లల హోమ్‌కి సేవకని వెళ్దామనుకుంటున్నవాళ్ళు ఎవరెవరో ఒకసారి చేతులెత్తండి. పన్నెండు మందా? బాగుంది. అయ్యగారు ఫోన్ చేసి, "సిస్టరమ్మా, మీరు అక్కడ పిల్లల హోమ్‌లో పనిచేసి వచ్చారు కదా, మా యూత్‌కి కాస్త ప్రోత్సాహంగా మాట్లాడండి" అన్నారు. ప్రోత్సాహమే ఇస్తాను. ఏ పనికి ఇస్తున్నానన్నది మాత్రం చివరిదాకా విన్నాక మీరే తేల్చుకోండి. (నవ్వులు)

అయ్యగారికి తెలియని సంగతి ఒకటుంది. నేను బోర్డింగులో పెరిగిన పిల్లని. ఇప్పుడు మీరు వాలంటీర్లుగా వెళ్ళబోయే చోటులాంటిదే. వెళ్ళేవాళ్ళ వైపు నుంచి ఈ పని గురించి మీకు చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. లోపల చాప మీద కూర్చున్నవాళ్ళ వైపు నుంచి చెప్పేవాళ్ళు తక్కువ. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

నాన్న పోయేసరికి నేను రెండో తరగతి. అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. ఆ పని సంగతి ఇక్కడున్న పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. పిక్కలోంచి వచ్చే జీడినూనె అంటుకుని వేళ్ళు నల్లబడిపోయేవి, తోలు పొరలుపొరలుగా ఊడొచ్చేది. రాత్రిపూట పులుసన్నం చేత్తో కలుపుకుంటే మంట, అందుకని చెంచాతో తినేది. బోర్డింగులో మూడు పూటలా తిండి ఉంది, బడి ఉంది. మా ఊరి సండే స్కూల్ టీచరమ్మ చెప్తే అమ్మ నన్ను తీసుకెళ్ళి అక్కడ చేర్చింది. గేటు దగ్గర "సెలవలకి వస్తా" అని చెప్పి వెళ్ళింది, వచ్చింది కూడా. అంటే నాకు అమ్మ ఉంది. నా పక్క చాప మీద పడుకునే అమ్మాయికి అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నారు, గుమ్మ అనే ఊరి అవతల కొండ మీద పోడు చేసుకునేవాళ్ళు. మా గదిలో నిజంగా ఎవరూ లేని పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు.

డిసెంబరు, జనవరి వచ్చిందంటే విదేశాల నుంచి విజిటర్లు వచ్చేవాళ్ళు. రెండ్రోజుల ముందు మేట్రనమ్మ పెద్ద ట్రంకుపెట్టె తెరిపించేది. అందులో గులాబీ రంగు దుప్పట్లు ఉండేవి, కలరా ఉండల వాసన. వాటిని మా చాపల మీద పరిచేవాళ్ళం. విజిటర్ల జీపు మలుపు తిరిగి కనపడకుండా పోగానే మళ్ళీ మడతలు పెట్టి అదే పెట్టెలో సర్దేవాళ్ళం. ఒక్క రాత్రి కూడా వాటి మీద పడుకున్నది లేదు. మేట్రనమ్మ చెడ్డమనిషని చెప్పడం కాదు. ఉన్నవే పదో పదిహేనో దుప్పట్లు, పిల్లలేమో ఎక్కువ. ఆవిడ కూడా ఏం చేస్తుంది పాపం.

ఇంకొకటి, స్పాన్సర్‌కి ఉత్తరం. టీచర్ బోర్డు మీద రాసేది, మేం చూసి దింపేవాళ్ళం. "ప్రియమైన అంకుల్ ఆంటీలకు, నేను బాగున్నాను, బాగా చదువుతున్నాను, మీ కోసం ప్రార్థిస్తున్నాను." అందరిదీ అదే ఉత్తరం, కింద పేరొక్కటే మార్పు. నాకు జ్వరం వచ్చి పరీక్ష పోయిన ఏడు కూడా "బాగా చదువుతున్నాను" అనే రాశాను. ఆ దంపతులెవరో నాకు తెలీదు. వాళ్ళు పంపిన డబ్బుతోనే చదువుకున్నాను, నర్సింగ్ చేశాను, ఇప్పుడిలా మీ ముందు నిలబడ్డాను. ఆ రుణం నాకుంది, కాదనను. అయినా ఆ ఉత్తరం నాది కాదు.

సరే, ఇప్పుడు మన ప్రాంతం చరిత్ర కొంచెం. ఎక్కువ చెప్పను, టెన్షన్ పడకండి. (నవ్వులు) పిల్లల్ని చేరదీసే పని ఇక్కడ మిషన్ల తొలిరోజుల్లోనే మొదలైంది. గంజాం కొండల్లో మెరియా నరబలి కోసం కొనితెచ్చిన పిల్లల్ని 1830లు, 40లలో బ్రిటిష్ అధికారులు విడిపించారు. వాళ్ళలో కొందర్ని బరంపురం, కటక్‌లలో ఉన్న బాప్టిస్టు మిషన్ బడులకి అప్పగించారు. తర్వాత 1866 కరువు, ఒడియావాళ్ళు నఅంక దుర్భిక్షం అంటారే, అది. ఒడిశాలో మూడోవంతు జనం పోయారని అంచనా. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయితే, మిగిలిన పిల్లల్ని మిషన్లు తీసుకున్నాయి. ఆ పిల్లలకి వెనక్కి పంపడానికి ఇల్లే లేదు. అప్పుడు ఆశ్రమం తప్ప ఇంకో దారి లేదు. ఆ దొరలు, దొరసానులు చేసింది గొప్ప పనే.

ఆ తర్వాత 1880లలో జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్లు జయపురం సంస్థానంలోకి వచ్చారు. మన వైపు కెనడా బాప్టిస్టులు వచ్చారు, సెరంగో ఆసుపత్రి వాళ్ళు పెట్టిందే. డెన్మార్క్ నుంచి డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ వచ్చి 1954లో బిస్సంకటక్‌లో ఆసుపత్రి మొదలుపెట్టారు. వీళ్ళలో నిలిచే పని చేసినవాళ్ళని చూడండి. వచ్చారు, ఏళ్ళ తరబడి ఉన్నారు, ఇక్కడి భాష నేర్చుకున్నారు, ఇక్కడివాళ్ళకి పని నేర్పారు. బిస్సంకటక్ ఆసుపత్రి ఈరోజు నడుపుతున్నది మన దేశంవాళ్ళే. నర్సింగ్ స్కూల్ కూడా ఉంది. రెండు వారాలకి వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళినవాళ్ళు కూడా చాలామందే ఉండుంటారు. వాళ్ళ పేర్లు ఎవరికి గుర్తున్నాయి?

ఇప్పుడు కెన్యా.

నేను వెళ్ళింది పడమటి వైపు, విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము అనే పట్నం ఉంది, దానికి కొంచెం లోపలికి. నన్ను చూడగానే పిల్లలు "ముహిందీ, ముహిందీ" అని అరిచేవాళ్ళు. హిందూ దేశం మనిషి అని. అక్కడ మనవాళ్ళు కొత్తేం కాదు. మొంబాసా నుంచి ఆ సరస్సు దాకా రైలు పట్టాలు వేసింది 1896 నుంచి 1901 దాకా, దానికి మన దేశం నుంచి ముప్ఫై వేల పైచిలుకు కూలీల్ని ఓడల్లో తీసుకెళ్ళారు. ఆ లైను చివరి స్టేషనే కిసుము. అందుకని తెల్లవాళ్ళకి దొరికే హారతి మీకు అక్కడ దొరకదు. బజార్లో మిమ్మల్ని చూసి దుకాణం యజమాని అనుకుంటారు, బేరం కూడా గట్టిగా ఆడతారు. (నవ్వులు) తిండికి భయం లేదు. ఉగాలి అని మొక్కజొన్న పిండి ముద్ద, సుకుమా వికి అని ఆకుకూర. సరస్సులో దొరికే ఒమెనా అనే చిన్న చేపల్ని ఎండబెట్టి వండుతారు, అచ్చం మన ఎండు నెత్తళ్ళే. కారం మాత్రం మీరే పట్టుకెళ్ళండి.

ఆ ప్రాంతంలో అన్ని హోమ్‌లు ఎందుకు పుట్టుకొచ్చాయో తెలుసుకుని వెళ్ళాలి. కెన్యాలో ఎయిడ్స్ బాగా తాకింది ఆ సరస్సు చుట్టుపక్కల జిల్లాల్నే. తొంభైలలో అమ్మానాన్నలు వరసగా పోయారు, ముసలమ్మలు ఆరుగురేసి మనవల్ని పెట్టుకుని మిగిలారు. సంఘాలు ముందుకొచ్చాయి, విదేశాల నుంచి డబ్బు వచ్చింది, హోమ్‌లు లేచాయి. తర్వాత మందులు అందుబాటులోకి వచ్చాయి. వైరస్ ఉన్న తల్లి కూడా రోజూ మాత్ర వేసుకుని పిల్లల్ని పెంచుకోగలుగుతోంది. హోమ్‌లు మాత్రం అలాగే ఉన్నాయి. మంచాలు ఖాళీగా ఉంటే డబ్బు రాదు. కాబట్టి మంచాలు ఖాళీగా ఉండవు. పేదరికం వల్ల పిల్లల్ని తీసుకొచ్చి వదిలేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. మా అమ్మ లేదా?

ఇది కెన్యా ఒక్కదాని సంగతే కాదు. కంబోడియాలో యూనిసెఫ్ వాళ్ళు చూస్తే, ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. అక్కడ విదేశీ టూరిస్టులు పెరిగినకొద్దీ అనాథాశ్రమాలు కూడా పెరిగాయి, అనాథలు పెరగకుండానే. నేపాల్‌లో హోమ్‌లన్నీ దాదాపు ఖాట్మండు, పోఖరా, చిత్వన్ లాంటి చోట్లే, అంటే విజిటర్లు తిరిగే చోట్లే. దూరపు కొండ ఊళ్ళ నుంచి, బాగా చదివిస్తామని చెప్పి దళారులు పిల్లల్ని తెచ్చి అక్కడ చేర్చారు. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వం మీద చట్టం చేసినప్పుడు, ఇలా ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడం గురించి వాళ్ళ పార్లమెంటులో చర్చ జరిగింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ తీర్మానంలో, అనాథాశ్రమాల్లో వాలంటీర్ కార్యక్రమాల వల్ల పిల్లలకి కలిగే హానిని అరికట్టాలని స్పష్టంగా రాశారు. కెన్యా ప్రభుత్వం 2017 నవంబరులో కొత్త హోమ్‌ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2022లో పదేళ్ళ ప్రణాళిక పెట్టుకుంది, హోమ్‌లలో ఉన్న పిల్లల్ని మెల్లగా కుటుంబాల్లోకి చేర్చాలని. అంటే మీరు వెళ్ళబోయే దేశమే ఈ దారి నుంచి బయటికి వస్తోంది. మనం ఇప్పుడు బస్సెక్కుతున్నాం. (నవ్వులు)

నవ్వారు కానీ, ఇప్పుడు చెప్పేది కొంచెం జాగ్రత్తగా వినండి.

మీరు వ్యాను దిగుతారు. నాలుగేళ్ళ పిల్లాడు ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చి మీ కాళ్ళు చుట్టేసుకుంటాడు, ఎత్తుకోమంటాడు, ఎత్తుకుంటే మెడ వదలడు. మీకు కళ్ళనీళ్ళు వస్తాయి. "దేవుడు నన్ను ఈ బిడ్డ కోసమే పంపాడు" అనిపిస్తుంది. తిరిగొచ్చాక సాక్ష్యంలో ముందుగా చెప్పేది ఇదే. మరి మీ ఇంట్లో నాలుగేళ్ళ పిల్లాడు ముక్కూ మొహం తెలియని మనిషి వస్తే ఏం చేస్తాడు? వాళ్ళమ్మ కుచ్చిళ్ళ వెనక దాక్కుంటాడు. కాసేపటికి ఒక కన్ను బయటపెట్టి చూస్తాడు. అరగంటకి దగ్గరకొస్తాడు, అది కూడా బిస్కట్ చూపిస్తే. పిల్లలన్నాక అలా ఉండాలి. వాడికి తనవాళ్ళెవరో, బయటివాళ్ళెవరో తెలుసు. ఎవరొచ్చినా మెడ చుట్టేసే పిల్లాడికి ఆ తేడా తెలియకుండా పోయిందన్నమాట. పిల్లల డాక్టర్లు దాన్ని ఒక లక్షణంగా రాసుకుంటారు.

రుమేనియా సంగతి నర్సింగ్ చదివినవాళ్ళు వినే ఉంటారు. 1989లో అక్కడి నియంత కూలిపోయాక చూస్తే, లక్షకి పైగా పిల్లలు ప్రభుత్వ ఆశ్రమాల్లో ఉన్నారు. 2000 తర్వాత బుకారెస్ట్‌లో కొందరు శాస్త్రవేత్తలు 136 మంది చిన్నపిల్లల్ని తీసుకుని, సగంమందిని పెంచుకునే కుటుంబాల్లో పెట్టి, ఏళ్ళ తరబడి గమనించారు. రెండేళ్ళలోపే ఇంటికి చేరిన పిల్లలు బాగా కోలుకున్నారు, తెలివిలోనూ, మనుషులతో మెలగడంలోనూ. ఆశ్రమంలోనే ఉండిపోయినవాళ్ళు వెనకబడిపోయారు. తిండి, గుడ్డ, మంచం అన్నీ ఉన్నచోట కూడా చంటిపిల్లకి కావలసింది రేపూ ఎల్లుండీ కనపడే ఒక మనిషి. షిఫ్టు మారిపోయే మనుషులతో అది కుదరదు. అలాంటి చోటికి మనం బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా వెళ్ళి, ఎత్తుకుని ముద్దుచేసి, పద్నాలుగో రోజు టాటా చెప్తే ఆ పిల్లకి ఇంకో మనిషి పోయినట్టే.

నేనున్న హోమ్‌లో వంటగదిలో ఒకావిడ ఉండేది. పిల్లలు మామా అని పిలిచేవాళ్ళు, అక్కడి భాషలో అమ్మ అని. ఒక టీమ్ వెళ్ళిపోయిన సాయంత్రం ఆవిడ నాతో అన్నది, "మీ వాళ్ళు వెళ్ళాక రాత్రి పక్క తడిపే పిల్లలు ఎక్కువవుతారు. దుప్పట్లు ఉతికేది నేనే" అని. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మన రిపోర్టుల్లో ఆ దుప్పట్ల లెక్క ఎప్పుడూ రాదు.

మరి నువ్వెందుకు వెళ్ళావు అంటారు. అడగండి, పర్లేదు.

నేను నర్సుని. ఏడాది పైనే ఉండేలా వెళ్ళాను. వెళ్ళిన కొత్తలోనే అనుకున్నాను, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోవడం నా డ్యూటీ కాదు, ఆ ఒళ్ళు అక్కడి ఆడవాళ్ళది అని. వాళ్ళకి పనికొచ్చేది ఏదైనా నా దగ్గర ఉంటే ఇవ్వాలి. నా అదృష్టం, ఒకటి ఉంది.

పదేళ్ళ అమ్మాయి ఒకర్తి ఉండేది. వానాకాలం పొద్దున్నే చన్నీళ్ళ స్నానానికి రానని మొండికేసేది. కాళ్ళు నొప్పులు, ఎముకల్లో పొడుస్తోంది అని ఏడ్చేది. రెండ్రోజులకి మామూలయ్యేది, ఆటలాడేది. బడి ఎగ్గొట్టడానికి నాటకం అనుకునేవాళ్ళు అక్కడ. నేను కళ్ళు చూస్తే కొంచెం పసుపు. కోరాపుట్, రాయగడ వైపు పనిచేసిన నర్సు ఎవరికైనా అది చూడగానే ఒకటే అనుమానం వస్తుంది. సికిల్ సెల్, వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు.

ఎందుకంటే ఆ జబ్బు మనదీ, వాళ్ళదీ. మలేరియా తరతరాలుగా ఉన్న చోట్లలోనే ఆ లక్షణం నిలబడింది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఆ జీన్ వచ్చినవాళ్ళకి మలేరియా తీవ్రంగా రాదు, అందుకని వాళ్ళు బతికారు, ఆ జీన్ కూడా బతికింది. ఇద్దరి నుంచీ వచ్చిందంటే మాత్రం జబ్బు. అమ్మానాన్నలిద్దరూ ఆ జీన్ మోసే క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం. ఎర్రకణాలు కొడవలిలా వంకర తిరిగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా, జ్వరం వచ్చినా నొప్పి లేస్తుంది. అంటే ఆ పిల్ల చన్నీళ్ళంటే ఏడ్చిందంటే దానికి కారణం ఉంది.

ఆసుపత్రికి తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే అదే తేలింది. తర్వాత నేను చేసింది పెద్ద పనేం కాదు. అక్కడి ఆడవాళ్ళని కూర్చోబెట్టి రోజూ కాసేపు చెప్పాను. స్నానానికి నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. బడికి నీళ్ళ సీసా ఇవ్వాలి, టీచర్ దాహానికి, టాయిలెట్‌కి ఆపకూడదు. దోమతెర తప్పదు, ఆ పిల్లలకి మలేరియా వస్తే ప్రాణం మీదికొస్తుంది. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, అప్పుడే ఆసుపత్రికి. ఎడమ పక్క పొట్ట పైభాగం గట్టిగా ఉబ్బిందా అని చేత్తో చూడడం నేర్పాను. ఫోలిక్ యాసిడ్, డాక్టర్ రాస్తే హైడ్రాక్సీయూరియా, ఎప్పుడు వేయాలో చార్టు గోడకి అంటించాం. నేను వచ్చేసే నాటికి వాళ్ళలో ఒకావిడ కొత్తగా చేరినవాళ్ళకి తనే నేర్పుతోంది. నాకంటే బాగా చెప్తుంది, వాళ్ళ భాషలో చెప్తుంది కదా.

అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఆ అమ్మాయికి అమ్మమ్మ ఉంది. దగ్గర ఊరే. ఈ పిల్ల అన్న ఐదేళ్ళప్పుడు జ్వరంతో పోయాడట. ఇదీ ఎక్కడ పోతుందోనని, ఆసుపత్రి ఖర్చులు తను పెట్టుకోలేనని తెచ్చి హోమ్‌లో వదిలింది. ఆవిడకి కావలసింది మందులు, రానుపోను బస్సు చార్జీ. అంతే. హోమ్ మేనేజరు మంచివాడు, ఒప్పుకున్నాడు. మంచం మీద పెట్టే ఖర్చు కంటే అది తక్కువే. పిల్ల ఇంటికి వెళ్ళింది. నెలకోసారి అమ్మమ్మ తనే క్లినిక్‌కి తీసుకొచ్చేది, వచ్చినప్పుడల్లా నాకు రెండు మొక్కజొన్న పొత్తులు తెచ్చేది.

అందరిదీ ఇలాగే తేలిందని అనుకోకండి. ఒక పిల్లాడికి ఎంత వెతికినా ఎవరూ దొరకలేదు. ఇంకొకడి బాబాయి దొరికాడు కానీ, ఆ ఇంటికి పంపితే కుక్కని చూసినట్టు చూసేవాళ్ళని అక్కడి సోషల్ వర్కరే వద్దంది. హోమ్‌లు మూసేయాలని నేను అనడం లేదు. అలాంటి పిల్లలకి మంచి హోమ్ కావాలి, తక్కువ పిల్లలు, మారని మనుషులు ఉండే హోమ్.

వాక్యం తెలిసినవాళ్ళు యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం చెప్తారు, ప్రతి చిల్డ్రన్స్ హోమ్ గోడ మీదా రాసి ఉంటుంది. దాన్ని పూర్తిగా చదవండి. దిక్కులేని పిల్లల్ని, విధవరాళ్ళని ఒక్క ఊపిరిలో చెప్పాడాయన. ఇద్దర్నీ కలిపి పరామర్శించమన్నాడు. పిల్లల్ని ఒక బిల్డింగులోకి తెచ్చి, తల్లిని జీడిపిక్కల దగ్గర వదిలేయమని ఎక్కడుంది? మా అమ్మకి ఎవరైనా నెలకి నాలుగు డబ్బులు ఇచ్చి ఉంటే నేను మా ఇంట్లోనే ఉండి ఆ బడికే వెళ్ళేదాన్ని.

ఇప్పుడు మన ప్రభుత్వం ఆ పని చేస్తోంది, తెలుసా? మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది. పిల్లకి నెలకి 4,000 రూపాయలు, పిల్ల ఇంట్లోనే ఉంటుంది. భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు పెట్టుకోవచ్చు. ఊళ్ళలో అయితే కుటుంబం ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు, పట్నాల్లో 96,000. జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో దరఖాస్తు పెట్టాలి. ఎంతమంది తల్లులకి ఈ సంగతి తెలుసు? ఫారం ఒడియాలో ఉంటుంది, మన తెలుగు ఆడవాళ్ళకి చదవడం రాదు. మీలో ఒడియా మీడియం చదివినవాళ్ళు ఎంతమంది? చూశారా, అందరూ. కెన్యా వెళ్ళక్కర్లేకుండానే ఒక వాలంటీర్ పని దొరికింది.

ఇక వెళ్ళేవాళ్ళకి తప్పనిసరి సంగతులు గబగబా చెప్పేస్తాను. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే ఆ పసుపు కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. 2024 జనవరి నుంచి కెన్యాకి ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి తీసుకోవాలి. అది చూసి రావడానికి మాత్రమే, సేవ చేయడానికి వేరే పర్మిట్ ఉంది. టూరిస్టునని రాసి హోమ్‌లో పనిచేయడం అబద్ధం కింద లెక్క, నేను ఒప్పుకోను. పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచి పోలీస్ క్లియరెన్స్ తీసుకోండి. అది అడగని హోమ్‌కి వెళ్ళకండి. మీ గురించి అడగనివాళ్ళు ఇంకెవరి గురించీ అడిగుండరు, ఆ గేటులోంచి ఎవడైనా లోపలికి వస్తాడు.

ఫొటోలు వద్దు. మన దేశంలోనే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అలాంటి పిల్లల పేరు, ఫొటో బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మన పిల్లలకి ఒక న్యాయం, వాళ్ళ పిల్లలకి ఒక న్యాయమా? స్టేటస్‌లు పెట్టుకోడానికి సరస్సు ఉంది, సాయంత్రం చాలా బాగుంటుంది.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక అబ్బాయి: ఆంటీ, ఫుట్‌బాల్స్, బట్టలు, చాక్లెట్లు కలెక్ట్ చేశాం. తీసుకెళ్ళొచ్చా?)

తీసుకెళ్ళండి, కానీ మీ చేత్తో పంచకండి. ఆఫీసులో ఇచ్చేయండి. వాళ్ళ మామా చేతి మీదుగా పిల్లలకి అందాలి. బట్టలు మాత్రం ఇక్కడి నుంచి మోసుకెళ్ళడం దండగ. అక్కడ సంతలో తక్కువకి దొరుకుతాయి, వాళ్ళ దర్జీకి పని దొరుకుతుంది.

(ఒక తల్లి: మా అమ్మాయి బీకాం చదివింది సిస్టరమ్మా. నర్సు కాదు, టీచరు కాదు. దానికి అక్కడేం పని?)

అమ్మా, మీ అమ్మాయి అవసరం నాకంటే ఎక్కువుంది అక్కడ. సగం హోమ్‌లలో లెక్కలు ఒకే నోట్‌బుక్కులో, ఒకే మనిషి చేతిలో ఉంటాయి. ఒక్కో పిల్లకి ఒక ఫైలు, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, బంధువుల ఫోన్ నంబరు ఏంటి, చివరిసారి ఎప్పుడు కలిశారు, ఇదంతా కంప్యూటర్‌లో ఎక్కించి, అక్కడి క్లర్కుకి నేర్పి వస్తే చాలు. పిల్లల్ని ఇంటికి పంపాలంటే ముందు ఆ ఫైలు ఉండాలి కదా.

(కమిటీ సభ్యుడు ఒకాయన: అలాగైతే పన్నెండు మంది టికెట్లకి పోగుచేసిన కానుకలు ఉన్నాయమ్మా. వాటిని ఏం చేయమంటారు?)

ఆ లెక్క నేనూ చూశాను సార్, అయ్యగారు పంపారు. అందులో ఇద్దర్ని ఏడాదికి పంపొచ్చు, ఉండడానికి, తినడానికి కలిపి. నా మాటైతే, ఆ బీకాం అమ్మాయిని, నర్సింగ్ చేసిన ఒకర్ని పంపండి. వాళ్ళు వెళ్ళేలోపు ఆ హోమ్ రిజిస్ట్రేషన్ కాపీ, పిల్లల రక్షణ నియమాల కాగితం, కిందటి ఏడు ఎంతమంది పిల్లలు ఇళ్ళకి తిరిగి వెళ్ళారో ఆ లెక్క, ఈ మూడూ మెయిల్‌లో తెప్పించండి. మూడోది ఇవ్వలేమంటే ఆ హోమ్ వదిలేసి ఇంకోటి చూద్దాం. మిగిలిన పదిమందికి స్పాన్సర్‌షిప్ ఫారం ఎలా నింపాలో నేనే నేర్పుతాను. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సండే స్కూల్ గదిలో కూర్చుందాం, ఎవరి వీధిలో భర్త పోయిన తల్లులు ఎంతమంది ఉన్నారో రాసుకుని రండి.